కుమారి తదుపరి గారు

ఒక పెద్ద అధికారి ఆఫీసర్ల క్లబ్బు క్విజ్‌లో మొదటి ప్రశ్నకే ఓడిపోయాడు. ఫలానా పాత కావ్యం ఎవరు రాశారన్నది ప్రశ్న. ఆయనకు తెలియలేదు. పక్క కుర్చీలో ఉన్న పశువుల డాక్టరుకు తెలిసింది. ఆ అవమానంతో ఇంటికి వెళ్లి ఒక పుస్తకం చదివి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన ఆఫీసుకు వెళ్లి ఉత్తర్వు రాశాడు.

జాతి తన సాహిత్య స్పృహను కోల్పోతున్నదట. కనుక ఇకమీదట ఏ శాఖలోనైనా తాత్కాలిక ఉద్యోగి పర్మనెంటు కావాలంటే ప్రాచీన కావ్యాలు, కవులు, పాత్రల మీద యాభై మార్కుల పరీక్ష రాయాలి. బోరింగులు బాగుచేసేవాడు నాయకుడి గుర్రం పేరు చెప్పాలి. ఆసుపత్రిలో స్ట్రెచరు తోసేవాడు ఏ కావ్యానికి ఎన్ని ఆశ్వాసాలో చెప్పాలి. ఇప్పటికే పర్మనెంటు అయినవాళ్లకు పరీక్ష లేదు. వాళ్లకు స్పృహ ఉన్నట్టే లెక్క. ఉత్తర్వు రాసిన ఆయన పర్మనెంటు.

నేను తంపరవలస శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ని. మా దగ్గర తాత్కాలిక ఉద్యోగి ఒక్కతే, గవరమ్మ. పందొమ్మిదేళ్లుగా గదులు ఊడుస్తోంది, కుండలో నీళ్లు నింపుతోంది, వానలు వెలిశాక బీరువాలు ఖాళీ చేసి పుస్తకాలు ఎండబెడుతోంది. చదువు రాదు. పుస్తకాన్ని అట్ట రంగును బట్టి, వాసనను బట్టి పోల్చుకుంటుంది. నేను కేటలాగులో వెతికేలోపు ఆమె తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఇంకో ఎనిమిది నెలల్లో ఆమెకు అరవై నిండుతాయి. ఈలోగా పర్మనెంటు అయితే పింఛను వస్తుంది. కాకపోతే ఏమీ రాదు. ఇంట్లో కాలూ చెయ్యీ పడిపోయిన అక్క ఉంది.

చదువు రానివారికి మౌఖిక పరీక్ష పెట్టవచ్చునని ఉత్తర్వులో ఒక దయగల వాక్యం ఉంది.

"ఊడవడానికి కావ్యాలెందుకు బాబూ?" అంది గవరమ్మ.

"ఎందుకని అడగడం పరీక్షలో లేదు" అన్నాను.

పరీక్ష నడిపే బాధ్యత జిల్లా సాహిత్య వికాస మండలికి ఇచ్చారు. మండలి ఒక దీపిక అచ్చువేసింది. యాభై కావ్యాలు, కావ్యానికి ఒక పేజీ. సారాంశాలు రాసే పని ఆఫీసు సూపరింటెండెంటు కూర్మారావుకు అప్పగించారు. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు రాసిన మనిషి. ఫైల్లో ఒక సంగతి అయ్యాక ఇంకో సంగతి చెప్పాలంటే వాక్యాన్ని ‘తదుపరి’ అని మొదలుపెడతారు. ఆయనకు వచ్చిన తెలుగు అది. కావ్యాలకూ అదే వాడాడు.

పదిహేడో పేజీలో ‘నీలగంధీ వియోగము’ ఉంది. కొండుకవి రాసినది. జిల్లా మొత్తానికి దాని ప్రతి ఒక్కటే, మా లైబ్రరీలో. కథ చిన్నది. భర్త యుద్ధానికి వెళతాడు. నీలగంధి రోజూ సాయంత్రం కోట ఎక్కి, దారి కనిపించేలా దీపం పెడుతుంది. పన్నెండేళ్లు పెడుతుంది. అతడు రాడు. ఒక సాయంత్రం దీపం ఆర్పేస్తుంది. నాలుగు ఆశ్వాసాల్లోనూ ఆమె పక్కన ఇంకో మనిషి లేదు. చెలికత్తె లేదు, దాది లేదు. ఏ కావ్యంలోనైనా చెప్పుకోవడానికి చిలకైనా ఉంటుంది. కొండుకవి అదీ ఇవ్వలేదు.

ఆ పుస్తకాన్ని నా భార్య హైమావతి మధ్యాహ్నాలు లైబ్రరీకి వచ్చి గవరమ్మకు చదివి వినిపించేది. గవరమ్మ చిరిగిన పుస్తకాలకు గంజితో కాగితాలు అంటిస్తూ వినేది. ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. హైమావతి పోయి ఆరేళ్లు. గవరమ్మకు పద్యాలు ఇంకా నోటికి వచ్చు.

గవరమ్మకు దీపిక చదివి వినిపిస్తున్న నేను అందుకే ఆ పేజీ చదవనవసరం లేదనుకున్నాను. అయినా చదివాను.

‘భర్త యుద్ధమునకు వెడలెను. నీలగంధి కోట ఎక్కెను. తదుపరి దీపము వెలిగించెను. తదుపరి ఏడ్చెను. తదుపరి పన్నెండేళ్లు ఎదురుచూచెను. తదుపరి దీపము ఆర్పెను.’

ప్రశ్నలు తయారుచేసింది వేరే సెక్షను. వాళ్లు కావ్యం చదవలేదు, కూర్మారావు పేజీ చదివారు. పేజీ కింద పదిహేడో ప్రశ్న ఇలా ఉంది: కోటపై దీపము వెలిగించిన నీలగంధి చెలికత్తె పేరేమి? జవాబు: తదుపరి.

మాధురి, మంజరి, తదుపరి. వినడానికి ఏ లోపమూ లేదు.

"తదుపరి ఎవులు బాబూ? అమ్మగోరు సెప్పనేదే" అంది గవరమ్మ.

"ఎవరూ కాదు. తదుపరి అంటే తర్వాత అని."

"మరి దీపమెట్టినాదంటన్నారు?"

"పెట్టింది నీలగంధే."

"నానూ అదే అనుకున్నాను. ఆ యమ్మకి ఎవులున్నారు గనక."

మర్నాడు బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లాను. కూర్మారావుకు ఆయన పేజీనే చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

"మీరు రాసినప్పుడు ఇది పేరు కాదు కదా?" అన్నాను.

"రాసినప్పుడు కాదు గురువుగారూ. కమిటీలో అయ్యింది."

"మీరు చెప్పలేదా?"

"సెప్పకేటి? తదుపరి అంటే తర్వాతండీ అన్నాను. ఏం తర్వాత అన్నారు. దీపం తర్వాత అన్నాను. దీపం ఎవరు పెట్టారన్నారు. పేజీ తీసి సూస్తే తదుపరే పెట్టినాది. సొంత దస్తూరీ. నానేటి సెయ్యను?"

"పోనీ ఇప్పుడు దిద్దండి."

"పెద్దోళ్లు ఏడుగురు కూకుని ఉన్నాదన్న మనిషిని గుమస్తాగాణ్ణి నాను సంపేస్తానా?" అని గొంతు తగ్గించాడు. "అయినా గురువుగారూ, ఉండే ఉంటాదేమో. మనకి తెలీక."

జిల్లా సాహిత్య స్పృహాధికారి డాక్టర్ మార్తాండం గారి గదికి వెళ్లాను. ఆయన డాక్టరేటు భూసార పరీక్షల మీద. కుర్చీ చూపించలేదు.

"చూడండి. ఇది ఉపసంఘం కూలంకషంగా పరిశీలించి, ఏకగ్రీవంగా ఆమోదించిన పాత్ర. ఆమోదిత పాత్రల విషయంలో వ్యక్తిగత అభిప్రాయాలకు తావు లేదు."

"కావ్యంలో లేదండీ."

"తమరు కావ్యం ఎన్నిసార్లు పఠించారు?"

"నాలుగుసార్లు."

"ఉపసంఘంలో సభ్యులు ఏడుగురు" అని ఆయన గంట నొక్కాడు. లెక్క ఆయన పక్షాన ఉంది. నేను బయటికి వచ్చాను.

చదువు వచ్చినవాళ్లకు రాత పరీక్ష ముందు జరిగింది. జిల్లా అంతటా రెండు వేల మందికి పైగా రాశారు. మీటరు రీడర్లు, నర్సులు, వాచ్‌మెన్లు. మూడొంతుల మందికి కవుల పేర్లు కలగాపులగం అయ్యాయి. కానీ పదిహేడో ప్రశ్న తొంభై మూడు శాతం మంది సరిగ్గా రాశారు. వాళ్లకు వచ్చే ప్రతి నోటీసులోనూ ఆ మాట ఉంటుంది. ఎందుకు మరిచిపోతారు?

మండలి ఆ అంకెను పత్రికలకు ఇచ్చింది. ‘మన ప్రాచీన సాహిత్యంలో ప్రజల హృదయాలకు అత్యంత చేరువైన స్త్రీ పాత్ర తదుపరి అని శాస్త్రీయంగా నిర్ధారణ అయినది.’ ఆ తరవాత రెండు రోజుల సదస్సు పెట్టారు. కీలకోపన్యాసం ఆచార్య శేషఫణి గారిది. ఎక్కడ సదస్సు జరిగినా కీలకోపన్యాసం ఆయనదే. శాలువా కప్పిన తరవాతే విషయం ఏమిటని అడుగుతారు.

"మీరు సూక్ష్మంగా గమనించండి" అన్నారు శేషఫణి గారు. "నీలగంధి కేవలం కోట ఎక్కుతుంది. అంతే. దీపం పెట్టేది తదుపరి. ఏడ్చేది తదుపరి. పన్నెండు సంవత్సరాలు ఎదురుచూసేది తదుపరి. తన భర్త కాని భర్త కోసం! అయినా కావ్యం మొత్తంలో ఒక్క మాట పలకదు. ఈ మౌనం ముందు మన మాటలెంత?"

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆమె రూపం ఎలా ఉంటుందని ఒక టీచరు లేచి అడిగింది.

"కవి ఒక్క పద్యంలోనూ వర్ణించలేదు. వర్ణనకు అందదని భావం."

వర్ణనకు అందకపోయినా శిల్పికి అందింది. మార్తాండం గారి అమ్మాయి నాట్యం చేస్తున్న ఫొటో ఒకటి ఇచ్చి, చేతిలో దీపం పెట్టమన్నారు. నెల తిరక్కుండా ఆఫీసు మెట్ల పక్కన విగ్రహం లేచింది. తదుపరి తమ కులపు ఆడపడుచని రెండు సంఘాలు వినతిపత్రాలు ఇచ్చాయి. మండలి రెండింటినీ స్వీకరించింది. పక్క మండలంలో ఒక పిల్లకు ఆ పేరు పెట్టారు.

నేను కొండుకవి పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని మళ్లీ వెళ్లాను. ఉపసంఘం కూర్చుంది, శేషఫణి గారూ ఉన్నారు. నాలుగు ఆశ్వాసాలూ వాళ్ల ముందు తిప్పి చూపించాను. మార్తాండం గారు ఓపిగ్గా చూశారు.

"ఇందులో తదుపరి లేదు" అన్నారు.

"అదేనండీ నేను చెబుతున్నది."

"అయితే ఈ ప్రతి అసంపూర్ణం."

శేషఫణి గారు తల ఊపారు. "పూర్వం ప్రతులు రాసే రాయసగాళ్లు నిద్రమత్తులో పద్యాలు జారవిడిచేవారు. పాపం, వీరి తప్పు లేదు. చెడిన ప్రతి చదివారు. నాలుగుసార్లు చదివారు కనుక నాలుగింతలు చెడింది."

అందరూ నవ్వారు. పుస్తకాన్ని స్వాధీనం చేసుకున్నారు. కూర్మారావు చేత ముద్ర వేయించారు: ‘లోపభూయిష్ట ప్రతి. పాఠకులకు ఇవ్వరాదు.’ పుస్తకం ఇచ్చిన తేదీలు రాసే చీటీ మీద చివరి సంతకం హైమావతిది. ముద్ర సరిగ్గా దాని మీద పడింది.

పుస్తకానికి నాకు రసీదు ఇచ్చారు.

రెండు నెలలకు ‘సంపూర్ణ నీలగంధీ వియోగము’ అచ్చయి వచ్చింది. జారిపోయిన నలభై పద్యాలను శేషఫణి గారు తిరిగి సాధించారు. ఇప్పుడు నీలగంధి ఏడిస్తే తదుపరి కళ్లు తుడుస్తుంది. తల దువ్వుతుంది. పచ్చీసు ఆడదాం రమ్మంటుంది. పన్నెండేళ్లు ఇద్దరికీ కబుర్లతోనే గడిచిపోయాయి. భర్త రాలేదన్న సంగతి మూడో ఆశ్వాసంలో ఎవరికీ గుర్తు లేదు.

ఆ వారమే ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు ఫైళ్లలో మహనీయురాలి పేరును ఏ గౌరవవాచకమూ లేకుండా ‘తదుపరి’ అని వాడుతున్నట్టు మండలి దృష్టికి వచ్చిందట. ఇకపై ప్రతిచోటా ‘కుమారి తదుపరి గారు’ అని రాయాలి. కంప్యూటర్లలో ఆ మాట కొడితే ముందు కుమారి, వెనక గారు వాటంతట అవే పడే ఏర్పాటు చేశారు. భూమి తగాదాలో ఉన్న ఒక రైతుకు ‘కుమారి తదుపరి గారి విచారణ సోమవారం’ అని నోటీసు వెళ్లింది. అతడు ఉతికిన పంచె కట్టుకుని, ఒక డజను అరటిపళ్లతో వచ్చి, అమ్మగారు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు.

గవరమ్మ మౌఖిక పరీక్ష రోజు వచ్చింది. అప్పటికి ఆమెకు మిగిలింది మూడు నెలలు.

బస్సులో ఆమెకు చెప్పాను. "మిగతావన్నీ నీకు వచ్చు. పదిహేడో ప్రశ్న మాత్రం తప్పనిసరి. అది పోతే అన్నీ పోయినట్టే. దీపం పెట్టింది ఎవరంటే తదుపరి అని అనేయ్. పాపం ఉంటే నాది."

"అలాగే బాబూ. మాటే గదా" అంది.

మనిషి ఆమేనని గుర్తుపట్టడానికి నన్ను లోపలికి రానిచ్చారు. బల్లకు అవతల మార్తాండం గారు, శేషఫణి గారు. పక్కన రాసుకోవడానికి కూర్మారావు. గవరమ్మను నిలబెట్టే అడిగారు. ఆమె కవుల పేర్లు చెప్పింది. ఆశ్వాసాల లెక్క చెప్పింది. గుర్రం పేరు చెప్పింది, దాని రంగు కూడా చెప్పింది. ఒక పద్యం మొదటి పాదం ఇస్తే మిగతా మూడూ రాగంతో అందుకుంది. సరో కాదో చూడటానికి శేషఫణి గారు పుస్తకం తిరగేశారు. పేజీ దొరకలేదు.

"సంతోషం" అన్నారు మార్తాండం గారు. "ఇక పదిహేడు. కోట మీద దీపం పెట్టింది ఎవరు?"

"నీలగంధమ్మ."

నేను దగ్గాను.

"ప్రశ్న సరిగా విను. ఆమె చెలికత్తె పేరు?"

"నేదు బాబూ."

"మెట్ల పక్కన విగ్రహం ఉంది. వచ్చేటప్పుడు చూడలేదూ?"

"సూసినాను. దుమ్ముగా ఉంటే తుడిసి మరీ వొచ్చినాను. బొమ్ముంటే మనిసున్నట్టేనేటి బాబూ?"

శేషఫణి గారు ముందుకు వంగారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "అమ్మా, ఒక్క పేరు. నాలుగు అక్షరాలు. చెప్పేస్తే పర్మనెంటు. మేమూ కోరుకునేది అదే."

గవరమ్మ నావైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె నోరు తెరిచింది, మూసింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"పన్నెండేళ్లు ఒక్కర్తీ కూకుని ఏడిసినాది బాబూ ఆ యమ్మ. పలకరించిన నోరు నేదు. ఇప్పుడు తోడున్నాదని నాను సెప్పేస్తే ఆ ఏడుపంతా ఏటైపోతాది?"

మార్తాండం గారు కూర్మారావు వైపు తిరిగారు.

"జవాబు లేదు అని రాసుకోండి" అన్నారు మార్తాండం గారు.

కూర్మారావు పెన్ను కాస్త ఆగింది. ఆ తరవాత రాశాడు.

బస్టాండులో ఆమెను తిట్టాను. "ఒక్క మాట! నీ అక్కకు మందులు ఎవరు తెస్తారు? కొండుకవి తెస్తాడా?"

"నోరు రానేదు బాబూ. మీరు తిట్టండి" అంది.

తిట్టాను. కోపం ఆమె మీద కాదు. కానీ దగ్గర ఉన్నది ఆమే.

ఇరవై రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆమెను నా బల్ల ముందు కూర్చోబెట్టి చదివాను. ‘పై అభ్యర్థి సాహిత్య స్పృహ సందేహాస్పదముగా ఉన్నందున, కుమారి తదుపరి గారి ఉత్తర్వులు వచ్చువరకు ఆమెను యథాతథముగా తాత్కాలిక ప్రాతిపదికన కొనసాగింపవలెను.’

"ఎవులి ఉత్తర్వులు?"

"తదుపరి."

"అయితే ఉన్నాదేటి ఆ యమ్మ?" గవరమ్మ మొహంలో మొదటిసారి అనుమానం కనిపించింది. తను పొరపాటు పడ్డానేమోనన్న అనుమానం.

"కావ్యంలో లేదు. ఆఫీసులో ఉంది" అన్నాను.

"అయితే ఆ యమ్మకే రాసెయ్యండి. ఆడకూతురు, మన మాట ఇంటాది."

రాశాను. ‘కుమారి తదుపరి గారి దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, పందొమ్మిదేళ్ల పని రాసి, అక్క సంగతి రాసి, కింద గవరమ్మ చేత వేలిముద్ర వేయించాను. ఎగతాళిగానే రాశాను. వాళ్లకు సిగ్గేస్తుందని అనుకున్నాను. అది నా తప్పు.

టపా గుమస్తా అర్జీకి నంబరు వేశాడు. నంబరు పడ్డ అర్జీకి జవాబు ఇచ్చి తీరాలని నిబంధన. పైగా అలాంటి అర్జీలు అప్పటికే నూట నలభై ఉన్నాయి. అరటిపళ్ల రైతుది కూడా ఉంది. కనుక మండలిలో కుమారి తదుపరి విభాగం ఏర్పాటు చేశారు. దానికి ఒక గది, ఒక ఎయిర్ కూలరు, మూడు పోస్టులు. ముగ్గురూ పర్మనెంటు. ఎవరికీ పరీక్ష పెట్టలేదు. విభాగానికి పెద్ద కూర్మారావు.

గవరమ్మకు అరవై నిండిన రోజు శుక్రవారం. ఆమె ఎప్పటిలాగే వచ్చి ఊడ్చింది, కుండ కడిగి నీళ్లు పోసింది. పదకొండు గంటలకు పోస్టుమాన్ కవరు తెచ్చాడు. మీద ఆమె పేరే ఉంది. నేను చించి చదివాను.

‘శ్రీమతి గవరమ్మ గారికి. మీ అర్జీ అందినది. మీ పందొమ్మిది సంవత్సరముల సేవను కుమారి తదుపరి గారు సానుభూతితో గమనించినారు. విషయము వారి పరిశీలనలో ఉన్నది.’ కింద, కుమారి తదుపరి గారి తరఫున, కూర్మారావు సంతకం.

"మల్లీ సదవండి" అంది.

మళ్లీ చదివాను.

"గారు అని రాసినారా? నాకు?"

"రాశారు."

"పందొమ్మిదేళ్లూ అని కూడా రాసినారా?"

"రాశారు. ఇందులో నీకు ఏమీ రాదు, గవరమ్మా. పింఛను లేదు. ఈ రోజుతో అయిపోయింది. అర్థమైందా?"

"అర్దమయ్యింది బాబూ." కాగితం నా చేతిలోంచి తీసుకుని, అక్షరాల మీద ఓసారి వేలు పోనిచ్చి, నాలుగు మడతలు పెట్టి బొడ్డులో దోపుకుంది. "ఇన్నేళ్లలో నాకు కాయితం రాసినాది ఆ యమ్మొక్కర్తే."

చీపురు నా చేతికిచ్చి మెట్లు దిగింది.